నవ్వించే పుస్తకానికి గొంతు ఇవ్వడం ఎలా

హాస్య నవలను ఆడియోబుక్‌గా చదవబోయేవాళ్లు చాలాసార్లు మొదటి పేజీలోనే గొంతులో నవ్వు కలిపేస్తారు. మాట సాగదీస్తారు, కొసలో చిన్న వంపు పెడతారు, ‘ఇదిగో, ఇక్కడ నవ్వాలి’ అని సైగ చేసినట్టు చదువుతారు. అంతటితో ఆ వాక్యం పని అయిపోయినట్టే. వినేవాళ్లకు ఆ ఒక్క గొంతు తప్ప వేరే ఆధారం లేదు. అదే ముందుగా నవ్వేస్తే వాళ్లకు నవ్వడానికి ఏమీ మిగలదు. గది సిద్ధం చేసుకోవడం దగ్గర్నుంచి ఆఖరి ఫైలు దాచుకునేదాకా ఏ దశలో నవ్వు ఎలా పాడవుతుందో, పాడవకుండా ఏం చెయ్యాలో ఇక్కడ చెబుతున్నాం.

ఈ పనికి చెవి తయారుచేసుకోవాలంటే ముందు పీటర్ జోన్స్‌ను వినాలి. ష్రాప్‌షైర్‌లోని వెమ్ అనే ఊళ్లో 1920లో పుట్టిన బ్రిటిష్ హాస్యనటుడు ఆయన, రచయిత కూడా. 1952లో పీటర్ ఉస్తినోవ్‌తో కలిసి బీబీసీ రేడియోకు ‘ఇన్ ఆల్ డైరెక్షన్స్’ చేశారు. 1961లో మొదలైన ‘ద రాగ్ ట్రేడ్’ అనే టీవీ ధారావాహికలో దుస్తుల తయారీ కార్ఖానా యజమానిగా నటించారు. ‘జస్ట్ ఎ మినిట్’ అనే రేడియో ఆటలో ఏళ్ల తరబడి పాల్గొన్నారు. అయితే ఆయన గొంతును జనం బాగా గుర్తుపెట్టుకున్నది 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4లో మొదలైన ‘ద హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’ అనే హాస్య నాటకం వల్ల. అందులో ఆయన కథ చెప్పే ‘బుక్’, అంటే పేరులో ఉన్న ఆ గైడు పుస్తకానికి గొంతు. ఆ నాటకం తయారుచేసినవాళ్లు ‘పీటర్ జోన్స్ లాంటి గొంతు’ కావాలని వెతికి, దొరక్క, చివరికి పీటర్ జోన్స్‌నే పిలిచారు.

ఆ చదువులో నవ్వు ఎక్కడా వినపడదు. ఎంత వింత సంగతినైనా నమ్మదగిన సమాచారం అందిస్తున్నట్టు, కాస్త మర్యాదగా, కాస్త తికమకపడుతూ చెబుతారు. మీరు అందుకోవాల్సింది ఆ తీరునే గాని ఆయన గొంతును కాదు. 2005లో వచ్చిన సినిమాలో అదే ‘బుక్’ గొంతు స్టీఫెన్ ఫ్రైది. ఇద్దరూ నటులే కాదు, రాసినవాళ్లు కూడా. ఫ్రై కేంబ్రిడ్జిలో ఫుట్‌లైట్స్ అనే విద్యార్థుల నాటక బృందంలో స్కెచ్‌లు, అంటే చిన్న హాస్య నాటికలు, రాసుకుంటూ మొదలయ్యారు. ఆ బృందం 1981లో ఎడిన్‌బరో ఫ్రింజ్ అనే కళోత్సవంలో హాస్యానికిచ్చే పెరియర్ అవార్డును మొట్టమొదటగా గెలిచింది. ఆ తర్వాత హ్యూ లారీతో టీవీ స్కెచ్‌లు, నవలలు, ఆత్మకథలు రాశారు. 2003 నుంచి 2016 వరకు ‘క్యూఐ’ క్విజ్ నడిపారు. వాక్యంలో జోకు ఏ మాట మీద ఉందో రాసేవాళ్లకు చేతికి తగులుతుంది. చదివేవాళ్లు అది వెతికి పట్టుకోవాలి, అందుకే పని మైకు దగ్గర మొదలవ్వదు.

మైకు పెట్టకముందు

పుస్తకం మొత్తం ఒకసారి మామూలు పాఠకుడిలా చదవండి. ఎక్కడ నవ్వొచ్చిందో అక్కడ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ముందుకు సాగండి, విశ్లేషించకండి. ఈ చుక్కలు తర్వాత చాలా పనికొస్తాయి. రికార్డింగ్ రోజుకి ఆ జోకు మీకు పాతబడిపోతుంది, అక్కడ నవ్వొచ్చిందన్న సంగతి చుక్క మాత్రమే గుర్తుచేస్తుంది.

ఈ చదువు తప్పించుకుంటే ఏమవుతుందంటే, మొదటి అధ్యాయంలో ఒక పాత్రకు గంభీరమైన గొంతు ఇస్తారు. పన్నెండో అధ్యాయంలో రచయిత ‘ఎప్పట్లాగే ముక్కుతో మాట్లాడుతూ’ అని రాసి ఉంటారు. అప్పటికి ఐదు గంటల రికార్డింగ్ అయిపోయి ఉంటుంది. అందుకని మొదటి చదువులోనే ప్రతి పాత్రకు ఒక కాగితం పెట్టి, రచయిత ఆ పాత్ర మాట తీరు గురించి చెప్పినదంతా పేజీ నంబరుతో సహా రాసుకోండి. వయసు, ఊపిరి, తొందర, నత్తి, యాస, ఏదైనా సరే. పేర్ల ఉచ్చారణ కూడా అక్కడే తేల్చుకోవాలి. రచయిత అందుబాటులో ఉంటే ఒకే జాబితాగా రాసి ఒకేసారి అడగండి.

రెండో చదువు గట్టిగా, గుర్తులు పెడుతూ. తెలుగులో ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మాట ముందు వస్తుంది, ‘అన్నాడు’, ‘అంది’ తర్వాత వస్తాయి. ‘‘నాకేం తెలుసు’’ అని మామూలుగా చదివేశాక ‘గుసగుసగా అంది’ అని కనిపిస్తే ఆ వాక్యం మళ్లీ చదవాల్సిందే. కాబట్టి ప్రతి సంభాషణ మొదట్లో, అంచున, ఎవరిదో ఒక రంగు గీతతోనూ ఎలా అనాలో ఒక్క మాటతోనూ గుర్తు పెట్టండి: ‘గుస’, ‘కోపం’, ‘నములుతూ’. ‘అన్నాడు’ని మాత్రం పాత్ర గొంతుతో చదవకూడదు. అది కథకుడిది. ఒక మెట్టు కిందికి దించి, చకచకా, బరువు లేకుండా అనేయాలి.

విరామాలకు ఒక గీత, పెద్ద విరామానికి రెండు గీతలు చాలు. అంతకన్నా గుర్తులు పెంచితే కన్ను కాగితం మీద తడబడుతుంది.

ఎంత సమయం పడుతుందో కూడా ఈ దశలోనే లెక్క కట్టాలి. ఇంగ్లీషు ఆడియోబుక్‌లకు గంటకు సుమారు 9,300 మాటలు అనే లెక్క వాడుకలో ఉంది. తెలుగులో విభక్తులు, క్రియలు అతుక్కుని మాట పొడవవుతుంది కాబట్టి ఆ అంకెను మనం వాడుకోకూడదు. పది పేజీలు చదివే వేగంతో చదివి గడియారం చూసుకోండి. పది పేజీలకు 17 నిమిషాలు పడితే 240 పేజీల పుస్తకం 408 నిమిషాలు, అంటే దగ్గరదగ్గర 7 గంటలు. అలవాటున్నవాళ్లకు ఒక గంట ఆడియోకు 2 గంటల రికార్డింగ్, 3 గంటల ఎడిటింగ్ పడతాయి. కొత్తవాళ్లు దీనికి రెట్టింపు వేసుకోవడం మంచిది. తక్కువ వేసుకుంటే చివరి అధ్యాయాలు హడావిడిగా సాగుతాయి, హాస్య నవలల్లో ముడులన్నీ విడిపోయేది సరిగ్గా అక్కడే.

పాత్రల గొంతులు: ఎంత తక్కువైతే అంత మంచిది

ఇది మిమిక్రీ కాదు. మిమిక్రీలో గొంతు మారిందన్నదే ఆనందం. ఆడియోబుక్‌లో ఎవరు మాట్లాడుతున్నారో తెలిస్తే చాలు, గొంతు మారిందన్న స్పృహ కలగకూడదు.

నిడివి బట్టి ఈ కొలత మారుతుంది. బ్రిటిష్ నటుడు బెర్నార్డ్ క్రిబ్బిన్స్ 1973 నుంచి ‘ద వోంబుల్స్’ అనే బొమ్మల కార్యక్రమానికి పాత్రలన్నిటి గొంతులూ తానే ఇచ్చారు. ఒక్కో భాగం 5 నిమిషాలు. అంత చిన్న నిడివిలో గొంతులు బాగా విడివిడిగా, ముదురు రంగుల్లో ఉండటమే సరి, పిల్లలు వెంటనే గుర్తుపట్టాలి కదా. అదే క్రిబ్బిన్స్ బీబీసీ పిల్లల కార్యక్రమం ‘జాకనోరీ’లో వందకు పైగా సార్లు కుర్చీలో కూర్చుని కథ చదివారు. ఒక్కోటి 15 నిమిషాలది. మీ నవల 7 గంటలది. 5 నిమిషాలకు ముద్దొచ్చే కీచుగొంతు మూడో గంటకు వినేవాళ్ల చెవుల్ని పీడిస్తుంది, మీ గొంతునూ పాడుచేస్తుంది.

మార్చడానికి నాలుగే ఉన్నాయి: స్థాయి (శ్రుతి), వేగం, గొంతు పలికే చోటు (ఛాతీ, గొంతుక, ముక్కు, పెదవుల ముందు), ఊపిరి. ముఖ్యపాత్రకు వీటిలో ఒక్కటే మార్చండి. చిన్న పాత్రలకు రెండు మార్చవచ్చు. ఒక్క పేజీలో కనిపించి మాయమయ్యేవాళ్లకు మూడు మార్చినా ఫరవాలేదు. కొత్తవాళ్లు అందరికీ స్థాయే మారుస్తారు. నలుగురున్న సన్నివేశం రాగానే మెట్లు అయిపోతాయి, ఇద్దరు ఒకేలా వినిపిస్తారు. వేగాన్ని ఎక్కువ వాడండి. తొందరపడేవాడికీ ఆలోచించి మాట్లాడేవాడికీ మధ్య తేడాను చెవి మొదటి రెండు మాటల్లోనే పట్టేస్తుంది. పైగా ఆ తేడా దానంతటదే నవ్వు పుట్టిస్తుంది.

మగవాళ్లు ఆడపాత్రలు చదివేటప్పుడు స్థాయి పెంచకండి. ఛాతీలోంచి వచ్చే బరువు తగ్గించి, మాట కొంచెం పెదవుల ముందుకు తెస్తే సరిపోతుంది. ఆడవాళ్లు మగపాత్రలు చదివేటప్పుడు గొంతు బొంగురు చేసుకోవడం మానేసి, వేగం తగ్గించి వాక్యం చివర్లు కిందికి దించండి.

ప్రతి పాత్రదీ 10 సెకన్ల మచ్చు రికార్డు చేసి, పాత్ర పేరుతో ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. మూడు వారాల తర్వాత ఆ పాత్ర మళ్లీ వచ్చినప్పుడు జ్ఞాపకాన్ని నమ్ముకోనక్కర్లేదు.

జోకు ఎక్కడ ఉంది

ఒక వాక్యం దగ్గరగా చూద్దాం.

‘పోస్టుమాస్టరు గారు ఉత్తరం విప్పి, రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివి, అది తనకు రాసింది కాదని తెలుసుకున్నారు.’

జోకు ‘కాదని’ అన్న చోట తెరుచుకుంటుంది. దీన్ని పాడుచేసే దారులు మూడు. మొదటిది, ‘మూడోసారి’ దగ్గరే గొంతులో చిరునవ్వు రానివ్వడం, ఏదో రాబోతోందని చెప్పేయడం. రెండోది, ‘కాదని’ మీద బరువు వేసి ఒత్తి పలకడం. అలా చేస్తే పోస్టుమాస్టరును చూసి కథకుడు నవ్వుతున్నట్టు వినిపిస్తుంది. మూడోది అన్నిటికన్నా ఎక్కువమంది చేసేది: వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోయి ‘కాదని తెలుసుకున్నారు’ను మింగేయడం.

తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది, కాబట్టి విషయం తిరగబడే మాట కూడా చాలాసార్లు చివరే ఉంటుంది. మనకేమో వాక్యం చివర గొంతు దించేసే అలవాటు. ఈ రెండూ కలిసి ఎన్ని మంచి జోకుల్ని మింగేశాయో లెక్కలేదు. అందుకే ఊపిరి ‘పోస్టుమాస్టరు’ ముందు నిండుగా తీసుకుని, ‘తుడుచుకుని’ తర్వాత ఇంకొంచెం తీసుకోవాలి. ‘విప్పి’, ‘చదివి’, ‘తుడుచుకుని’ మూడూ ఒకే ఎత్తులో, ఒకే వేగంలో, ఆఫీసు పని వివరిస్తున్నంత శ్రద్ధగా. రెండో ‘చదివి’ తర్వాత అర సెకను. ఆ తర్వాత ‘అది తనకు రాసింది కాదని తెలుసుకున్నారు’ను అదే శ్రద్ధతో, స్థాయి దించకుండా. మీరు పోస్టుమాస్టరు పక్షాన ఉన్నారు. పాపం, ఆయన కష్టపడి తెలుసుకున్నారు.

పొడవైన వాక్యాల్లో ఊపిరికి ‘వెళ్లి’, ‘చూసి’ లాంటి అసమాపక క్రియల తర్వాత చోటు దొరుకుతుంది. ‘నిన్న కొన్న’ అని ఆగి ‘గొడుగు’ అనకండి. విశేషణాన్ని నామంనుంచి విడదీస్తే వాక్యం కుంటుతుంది.

జోకు తర్వాత విరామం గురించి రంగస్థలం నుంచి వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. నాటకంలో ప్రేక్షకులు నవ్వుతారు, ఆ నవ్వు తగ్గేదాకా ఆగుతారు. ఇయర్‌ఫోన్లో వినేవాళ్లకు ఆ రెండు సెకన్లు ఖాళీ గొయ్యిలా తగులుతాయి, ‘నువ్వు నవ్వాలి’ అని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. జోకు అవ్వగానే మామూలు విరామంతో ముందుకెళ్లండి. వాళ్లు నవ్వుకుంటూ తర్వాతి వాక్యం ఒకటి జారవిడిస్తే వెనక్కి తిప్పుకుని వింటారు. హాస్య పుస్తకానికి అంతకన్నా మంచి సంగతి ఏముంది?

జోకు మాట ఏదో తేలకపోతే రచయిత చేసే పనే మీరూ చేయండి. వాక్యాన్ని విరగ్గొట్టి మాటల వరస మార్చి రాయండి. పై వాక్యాన్ని ‘తనకు రాయని ఉత్తరాన్ని పోస్టుమాస్టరు గారు మూడుసార్లు చదివారు’ అని మార్చి చదివితే నవ్వు సగానికి తగ్గిపోతుంది. ఎక్కడ పోయిందో అక్కడే అది ఉండేది. ఇలా పది వాక్యాలు చేస్తే మిగతావి వాటంతటవే కనిపిస్తాయి.

గది, మైకు

మైకు ఖరీదు కన్నా గది ముఖ్యం. కార్డియాయిడ్ మైకు తన ముందువైపు శబ్దాన్నే బాగా పట్టుకుంటుంది. ముందువైపు అంటే మీ నోరు, మీ వెనకున్న గోడ. చాలామంది మైకు వెనకాల ఫోమ్ అంటించి, తమ వీపు వెనక గోడను ఖాళీగా వదిలేస్తారు, తర్వాత గొంతు ఖాళీ గదిలో ఉన్నట్టు ఎందుకొస్తోందో అర్థంకాదు. బరువైన బొంత ఒకటి మీ వెనక వేలాడదీయండి, రెండోది పక్కన. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే మూడోది పైన. పలచని ఫోమ్ ముక్కలు సన్నని శబ్దాల్ని మాత్రమే పీల్చుకుంటాయి, గొంతులోని గుమ్‌మనే భాగం అలాగే ఉండిపోతుంది.

ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపేసి 30 సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేయండి. చివరి ఫైల్లో ఈ నిశ్శబ్దం మైనస్ 60 డీబీ (డెసిబెల్) కన్నా తక్కువ ఉండాలి. దాటితే ముందు కారణం వెతకండి. సాఫ్ట్‌వేర్‌తో మోత తొలగించడం ఆఖరి దారి, ఎక్కువ వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది.

మైకుకూ నోటికీ మధ్య జానెడు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు. మైకు సరిగ్గా నోటి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి, ముఖం వైపు తిరిగి ఉండాలి. ‘ప’, ‘బ’, ‘ఫ’, ‘భ’ల గాలి అప్పుడు మైకు పక్కనుంచి పోతుంది. పాప్ ఫిల్టర్, అంటే ఆ గాలిని ఆపే పలచని తెర, మైకుకు 5 సెంటీమీటర్లు ఇవతల ఉండాలి, మైకుకు అంటించి పెడితే పనిచేయదు. మీ కుర్చీ కాళ్లున్న చోట నేల మీద టేపు అంటించండి. దిద్దుబాట్ల రోజున ఈ టేపే కాపాడుతుంది.

44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో, వేవ్ ఫైలు. మామూలు చదువులో శబ్దం శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఆడేలా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలన్న అమరిక) పెట్టండి. హాస్యంలో హఠాత్తుగా అరుపులొస్తాయి, మైనస్ 3 దగ్గర పెట్టుకుంటే అరుపు పగిలిపోతుంది, పగిలిన శబ్దాన్ని తిరిగి బాగుచేయలేం. అరుపు రాగానే ఒక చెయ్యి దూరం వెనక్కి వాలి ముఖం కొద్దిగా పక్కకి తిప్పండి, శక్తి గొంతుకలో ఉండాలి గాని శబ్దంలో కాదు. గుసగుసకు నాలుగు వేళ్లు దగ్గరకు రండి.

బట్టలు నూలువి. నైలాన్ గరగరమంటుంది, గాజులు, చేతి గడియారం తీసేయాలి. నోరు ఎండితే నాలుక టిక్కుటిక్కుమంటుంది. దానికి రికార్డింగ్‌కు గంట ముందు నుంచే నీళ్లు తాగుతూ ఉండాలి, మధ్యలో గుటకేస్తే సరిపోదు. పుల్లని ఆకుపచ్చ ఆపిల్ ముక్క చాలామంది కథకులు దగ్గర ఉంచుకుంటారు. పాలు, కాఫీ వద్దు. కడుపు ఖాళీగా ఉంటే మైకు ఆ గురగురనూ పట్టుకుంటుంది, కొంచెం తిని కూర్చోండి, ఒడిలో దిండు పెట్టుకోండి.

చదివే రోజు

పంచ్ అండ్ రోల్ పద్ధతి నేర్చుకోండి. తప్పు దొర్లగానే ఆగి, ఆ వాక్యం మొదటికి కర్సర్ పెట్టి నొక్కితే, ముందరి రెండు మూడు సెకన్లు మీ చెవిలో వినిపించి అక్కడి నుంచి మళ్లీ రికార్డు అవుతుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇది షిఫ్ట్, డీ మీటలు కలిపి నొక్కితే వస్తుంది. రీపర్‌లోనూ, ప్రో టూల్స్‌లోనూ ఈ పని చేసుకోవచ్చు. తప్పులన్నీ ఉంచేసి తర్వాత కోసుకుందాం అనుకుంటే ఎడిటింగ్ పెరిగిపోతుంది. హాస్యానికి ఇంకో నష్టం కూడా ఉంది. జోకు చెప్పేటప్పుడు దాని ముందు వాక్యం లయ చెవిలో ఉండాలి. పంచ్ అండ్ రోల్ దాన్ని వినిపించి మరీ మీ చేతికిస్తుంది.

అయితే జోకు వాక్యాన్ని మూడుసార్లకు మించి తిరిగి చదవకండి. నాలుగో సారికి మీరు అర్థాన్ని వదిలేసి రాగాన్ని చదువుతుంటారు. గుర్తు పెట్టుకుని ముందుకెళ్లండి, మర్నాడు మొదటి పనిగా చదవండి.

నాలుక తిరగని చోట్లు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి. స్టీఫెన్ ఫ్రై హ్యారీ పాటర్ పుస్తకాలు చదువుతున్నప్పుడు ‘హ్యారీ పాకెటెడ్ ఇట్’ అన్న మూడు మాటలు ఎంతకీ నోరు తిరగలేదు. మార్చవచ్చా అని రచయిత్రిని అడిగితే కుదరదన్నారు, తర్వాతి పుస్తకాల్లో ఆ మాటలు మళ్లీ మళ్లీ కనిపించాయని ఆయనే చెబుతుంటారు. అలాంటి చోటును విడగొట్టి నెమ్మదిగా అచ్చుల్ని మాత్రమే పలకండి, తర్వాత హల్లులు చేర్చండి, తర్వాత వేగం. రచయిత రాసింది మాత్రం మార్చకూడదు. ‘దాదాపు అదే అర్థం’ అనిపించే మాట జోకును మొత్తంగా తీసేయవచ్చు.

45 నిమిషాలు చదివి 10 నిమిషాలు ఆపండి. రోజుకు 3 గంటలు దాటితే గొంతు కిందికి దిగుతుంది, పాత్రల మధ్య తేడాలు కరిగిపోతాయి. రోజూ ఒకే వేళకు కూర్చోండి, పొద్దుటి గొంతూ సాయంత్రపు గొంతూ అతకవు. కూర్చోగానే నిన్నటి చివరి రెండు నిమిషాలు విని, దాని వేగం పట్టుకుని మొదలుపెట్టండి. ప్రతిరోజూ చివర 30 సెకన్ల ఖాళీ గది శబ్దం రికార్డు చేసి ఉంచండి.

ఎడిటింగ్‌లో నవ్వు పోయే చోట్లు

అన్నిటికన్నా ప్రమాదకరమైనవి, నిశ్శబ్దాల్ని వాటంతటవే కుదించే పనిముట్లు. అవి జోకు ముందున్న అర సెకనును కూడా మిగతావాటిలాగే చూస్తాయి. 7 గంటల పుస్తకంలో 15 నిమిషాలు ఆదా అవుతాయి, పుస్తకం అంతా ఒకే పరుగులో సాగుతుంది, ఎక్కడా నవ్వు రాదు. విరామాలు చేత్తోనే సరిచేయండి. వాక్యాల మధ్య ముప్పాతిక సెకను, పేరాల మధ్య సెకనున్నర చుట్టూ ఉంటే బాగుంటుంది, జోకుల దగ్గర మీ చెవిది తుది మాట.

నాయిస్ గేటు వాడకండి. మాట ఆగగానే అది శబ్దాన్ని పూర్తిగా కోసేస్తుంది, విరామంలో గది మాయమై, ఫైలు ఆగిపోయిందా అనిపిస్తుంది. ఖాళీ పూడ్చాల్సి వస్తే ఆ రోజు రికార్డు చేసుకున్న గది శబ్దాన్నే అతికించండి. ఊపిరుల్నీ అన్నిటినీ తీసేయకండి. వాక్యం ముందు ఊపిరి మనిషి ఉన్నాడని చెబుతుంది, పెద్దగా వినిపించేవాటిని 6 డీబీ తగ్గిస్తే చాలు.

80 హెర్ట్జ్ కింద కోసేసే ఫిల్టర్, తర్వాత పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే కంప్రెషన్ తేలికగా, నిష్పత్తి 2:1 లేదా 3:1. అంతకన్నా బిగిస్తే గుసగుస కూడా అరుపంత ఎత్తుకు లేస్తుంది, మీరు కష్టపడి తెచ్చిన తేడా అక్కడ పోతుంది. ఆడిబుల్‌కు పుస్తకాలు పంపే వేదిక ఏసీఎక్స్ అడిగే కొలతలు ఇవి: సగటు శబ్దం మైనస్ 23 నుంచి మైనస్ 18 డీబీ ఆర్‌ఎంఎస్, శిఖరం మైనస్ 3 డీబీ దాటకూడదు, 192 కేబీపీఎస్ లేదా ఎక్కువ స్థిర బిట్‌రేటు ఎంపీ3, ఒక్కో ఫైలు 120 నిమిషాలకు మించకూడదు, మొదట్లోనూ చివరా కాస్త గది శబ్దం. వేరే చోటికి పంపేదైనా వీటితో మొదలుపెడితే ఇబ్బంది రాదు.

విని దిద్దడం

పుస్తకం చేతిలో పట్టుకుని వినే పని మీరు కాక ఇంకొకరు చేయాలి. మీ కళ్లు రాసి ఉన్నది చూసి చెవికి అదే వినిపిస్తాయి. పేజీ, పంక్తి, ఫైల్లో సమయం, తప్పు ఏమిటి అన్న నాలుగు వివరాలతో జాబితా రాయమనండి. ఇది కాకుండా, పుస్తకం చదవని ఒకరికి రెండు అధ్యాయాలిచ్చి నవ్వొచ్చిన చోట సమయం రాయమనండి. మీ పెన్సిల్ చుక్కలతో పోల్చండి. చుక్క ఉండి నవ్వు లేని చోట విరామం పోయిందా, చివరి మాట మింగేశారా, ముందే గొంతులో నవ్వు వచ్చిందా అని ఈ వరసలోనే చూడండి.

దిద్దుబాటుకు ఒక్క మాటను అతికించాలని చూడకండి. ఊపిరి నుంచి ఊపిరి దాకా వాక్యం మొత్తం చదవండి. టేపు గుర్తు మీద కుర్చీ పెట్టి, ముందరి రెండు వాక్యాలు ఇయర్‌ఫోన్లో విని, ఆ ఊపులోనే అందుకోండి. పాత రికార్డింగ్ పొద్దున్నే అయితే ఇదీ పొద్దున్నే.

అన్నీ అయ్యాక కోయని వేవ్ ఫైళ్లు, పాత్రల మచ్చులు, గుర్తులు పెట్టిన ప్రతి, పాత్రల కాగితాలు, గెయిన్ ఎంత పెట్టారో, మైకు ఎంత దూరంలో ఉందో రాసిన చీటీ, ఇవన్నీ ఒకే ఫోల్డర్లో రెండు చోట్ల దాచండి. ఫ్రై పాటర్ పుస్తకాలు ఏడూ ఏళ్ల తరబడి చదవాల్సి వచ్చింది. రెండో భాగం వచ్చినప్పుడు వినేవాళ్లు మొదటి భాగం నిన్ననే విని ఉండవచ్చు, మీరు మాత్రం మూడేళ్ల కిందటి గొంతును ఆ మచ్చుల్లోంచే తిరిగి తెచ్చుకోవాలి.